సన్నాయి సన్యాసిరావు ఎడమ చెంప

అది 2023. శివరాత్రి వెళ్లిన వారం. విజయనగరంలో ఒక మందుల దుకాణం పైన రెండు గదుల్లో నా ఫిజియోథెరపీ క్లినిక్. ఎక్కడానికి పద్దెనిమిది మెట్లు. మోకాళ్ల నొప్పులవాళ్లకు మేడ మీద క్లినిక్ ఏమిటమ్మా అని అడిగినవాళ్లందరికీ నా జవాబు ఒకటే: కింద గది చూసిపెట్టండి, రేపే దిగుతాను. ఇరవై రెండేళ్లుగా అడుగుతున్నారు తప్ప ఒక్కరూ చూసిపెట్టలేదు.

ఆ రోజు ఆ మెట్లెక్కి వచ్చిన మనిషికి మోకాళ్లు బాగానే ఉన్నాయి. ముఖం సగం మాత్రం తువ్వాలులో ఉంది. పేరు సన్యాసిరావు, వయసు యాభై నాలుగు. చీపురుపల్లి దగ్గర ఒక ఊళ్లో రామాలయంలో సన్నాయి ఊదుతాడు. తండ్రి ఊదాడు, తాత ఊదాడు. వెనకాలే రొప్పుతూ భార్య పైడితల్లి వచ్చింది. జరిగింది చెప్పింది ఆవిడే. తొమ్మిది రోజుల కిందట పొద్దున్న నోరు పుక్కిలిస్తే నీళ్లు ఎడమ పక్కనుంచి జారిపోయాయట. అద్దంలో చూసుకుంటే మూతి కుడివైపుకు లాగేసి ఉంది, ఎడమ కన్ను మూతపడటం లేదు.

దీన్ని బెల్స్ పాల్సీ అంటారు. ముఖం కండరాలను కదిలించే ఫేషియల్ నెర్వ్ అనే నరం చెవి వెనక ఇరుకు ఎముక సందులోంచి వస్తుంది. అక్కడ వాచి నొక్కుకుపోతే ఆ పక్క ముఖం పని మానేస్తుంది. నాలుక ముందు భాగానికి రుచి తెలియజేసేది కూడా ఆ నరమే కాబట్టి కూర చప్పబడుతుంది. ఇది పక్షవాతం కాదు. కానీ కాదని తేల్చాల్సింది డాక్టరు, పక్కింటివాళ్లు కాదు. సన్యాసిరావు మూడో రోజుకే డాక్టరు దగ్గరికి వెళ్లి మాత్రలు మొదలుపెట్టాడు కాబట్టి సగం గండం గడిచినట్టే.

మొదటి రెండు రోజులూ ఏం చేశారని అడిగాను. మేనత్త పావురం నెత్తురు రాయమందట. ఈయన సంతకెళ్లి జత పావురాలు కొన్నాడు. కొన్నాడు గానీ కోయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు అవి వెనక గదిలో చెక్కపెట్టెలో కాపురం పెట్టాయి.

నా వైద్యం చాలా చిన్నది. కన్ను ఎండిపోకుండా పగలు చుక్కలు, రాత్రి రెప్ప మూసి పైన అంటించడానికి మెత్తటి టేపు. అద్దం ముందు కూర్చుని కనుబొమలెత్తడం, ముక్కు చిట్లించడం, పెదాలు ముడవడం, నవ్వడం. పదేసి సార్లు, మూడు పూటలు, నెమ్మదిగా.

"నవ్వండి" అన్నాను.

"ఎందుకు?" అన్నాడు.

"వ్యాయామం కాబట్టి."

"నవ్వమంతే నవ్వు వస్తాదేటి మేడమ్ గారూ? రాగం అడగండి, పాడతాను. నవ్వు నాకు సేతకాదు."

కుడి పక్కకు ఏ జబ్బూ లేదు కదా, ఆ పక్కైనా కదలాలి కదా. కదల్లేదు. ఆ పక్క కూడా పోయిందేమోనని దగ్గరకు వంగి చూశాను. పైడితల్లి తాపీగా చెప్పింది: "అది బాగున్నప్పుడూ అంతేనమ్మా. ముప్పై ఏళ్లుగా సూత్తన్నాను."

జబ్బుకు ముందు ముఖం ఎలా ఉండేదో తెలిస్తే పోల్చుకోవచ్చని పాత ఫోటోలు తెమ్మన్నాను. మరుసటిసారి ఆల్బం తెచ్చారు. ఊళ్లో జరిగిన పెళ్లిళ్లన్నీ ఉన్నాయి అందులో. ప్రతి ఫోటోలోనూ ఓ మూల సన్యాసిరావు, రెండు బుగ్గలూ బూరెల్లా పొంగి, కళ్లు మూసుకుని. సన్నాయి లేని ఫోటో ఒక్కటే దొరికింది, వాళ్ల పెళ్లిది. అందులో ఆయన ముఖం పరీక్ష హాల్లో కూర్చున్నవాడి ముఖం. ఈ మనిషి నవ్వును నేను తిరిగి తెప్పించాలి, అది అసలెలా ఉంటుందో లోకంలో ఎవరికీ తెలియదు.

రెండోవారం పైడితల్లి నన్ను పక్కకు పిలిచింది. "గది తలుపేసుకుని పావురాల ముందు పళ్లికిలిస్తన్నాడమ్మా. మూతి బాగవకముందే బుర్ర పోతాదేమో" అంది. అది నేను చెప్పిన వ్యాయామమేనని ధైర్యం చెప్పాను. అన్నం కూడా ఆ గదిలోనే, గోడవైపు తిరిగి తింటున్నాడని, టీ కొట్టుకు పోవడం మానేశాడని కూడా ఆవిడ చెప్పింది. నేను తల ఊపి, కార్డు మీద "వ్యాయామం క్రమంగా చేస్తున్నారు" అని రాశాను. చెప్పినదాంట్లో నాకు పనికొచ్చే ముక్క మాత్రం రాసుకున్నాను. చదువుకున్నవాళ్లం కదా.

మూడోవారం సన్యాసిరావు తనంతట తనే నోరు విప్పాడు. శ్రీరామనవమికి ఇంకా పద్దెనిమిది రోజులే ఉంది. గుడి కమిటీ పెద్ద, ఊళ్లో కిరాణా షావుకారు, కబురు పంపాడట: ఈ ఏడాది నువ్వు రెస్టు తీసుకో, ఫోన్‌లో సన్నాయి పెట్టి స్పీకరుకు తగిలిస్తాం అని. మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదే ఈయనకు గుచ్చుకుంది.

"నవమికి ఊదుతానా, ఊదనా? అది సెప్పండి సాలు."

"ఊదరు. నరం తన నడక తను నడుస్తుంది. తోస్తే పరుగెత్తదు."

"మీరెప్పుడైనా సన్నాయి ఊదారేటి?"

"లేదు. మీరెప్పుడైనా నరాన్ని చూశారా?"

ఆయన తువ్వాలు చుట్టుకుని మెట్లు దిగిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత వచ్చి టేపు అయిపోయింది, ఇంకో చుట్ట కావాలన్నాడు. నేనిచ్చిన చుట్ట ఒక కంటికి నెల్లాళ్లకు సరిపోతుంది. పరీక్షగా చూశాను. ఎడమ పెదవి మూల ఎర్రగా ఒరుసుకుపోయి, రెండు అంగుళాల మేర టేపు అచ్చు. నొప్పి ఎక్కడంటే కుడి చెంప చూపించాడు. అర్థమైపోయింది. గాలి జారిపోకుండా ఎడమ పెదవికి టేపు అంటించి, బాగున్న పక్క మీద బలమంతా పెట్టి సన్నాయి ఊదుతున్నాడు, పొద్దున్నా సాయంత్రం. ఈ జబ్బులో చేయకూడనిదే అది. బాగున్న పక్క బలిసి బలహీనమైనదాన్ని ఇంకా తనవైపు లాగేస్తుంది.

నా నోరు మంచిది కాదని మా వీధిలో అందరికీ తెలుసు. ఆ రోజు కింద మందుల దుకాణానికి వచ్చినవాళ్లకు కూడా తెలిసింది. అంతా అయ్యాక చెయ్యి చాచి, సన్నాయి చివర నోట్లో పెట్టుకునే రెల్లు ముక్క ఇమ్మన్నాను. చొక్కా జేబులోంచి తీశాడు, చిన్న డబ్బాలో.

"ఇది నేకపోతే అది ఉట్టి కర్ర మేడమ్ గారూ" అన్నాడు.

"తెలుసు. అందుకే" అని దాన్ని తీసుకుని సొరుగులో, జెల్ సీసాల పక్కన పెట్టి తాళం వేశాను. చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

తర్వాత రెండు సిట్టింగులకూ ఆయన రాలేదు. నవమికి ముందురోజు పైడితల్లి ఫోన్ చేసింది. రెల్లు ముక్క పోయిన దగ్గర్నుంచి అద్దం ముఖం చూడటం లేదట. వ్యాయామం బందు. రేపు పొద్దున్న బండికి నౌపడలో బావమరిది ఇంటికి పోయి, కల్యాణం అయ్యాక వస్తానంటున్నాడట. పందిట్లో జనం తన మూతి చూస్తారని.

అప్పుడు అడిగాను, నెల కిందటే అడగాల్సిన ప్రశ్న. "అన్నం ఎవరితో తింటున్నాడు?"

"ఎవలతోనూ తినడమ్మా. నెల దాటిపోనాది. పులుసు గెడ్డం మీద కారిపోతాదని నాకూ కనబడనీడు. పళ్లెం గుమ్మంలో పెట్టి పోవాల."

నేను ఆయన కనుబొమ ఎంత లేచిందో ప్రతివారం స్కేలు పెట్టి కొలిచాను. ఆ గుమ్మంలో పళ్లెం నా కార్డు మీద ఎక్కడా లేదు. ఆవిడ చెప్పలేదని అనడానికి కూడా వీల్లేదు. చెప్పింది, నేను తల ఊపాను.

మర్నాడు పొద్దున్నే ప్యాసింజరు పట్టుకుని వాళ్ల ఊరు వెళ్లాను. ఈయన సంచి సర్దుకుని గుమ్మంలో ఉన్నాడు, తువ్వాలు యథాప్రకారం. నేను అడ్డంగా నిలబడ్డాను. పందిట్లోకి రమ్మన్నాను. రానన్నాడు. ఊదొద్దు, కూర్చుంటే చాలన్నాను. సన్నాయి లేకుండా ఆ పందిట్లో ఎప్పుడూ కూర్చోలేదన్నాడు. ఇలా పావుగంట. వీధిలో నలుగురు చేరారు. చివరికి విసుగొచ్చి, మీరు రాకపోతే మీ రెల్లు ముక్క నా సంచిలోనే ఉంది, పందిట్లోకెళ్లి నేనే ఊదేస్తానన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "మీరూదితే రాముడు పెళ్లొద్దంతాడు" అన్నాడు.

నెలరోజుల్లో ఆయన వేసిన మొదటి జోకు అది. అనేసి సంచి లోపల పడేశాడు.

పందిట్లో వెనక వరసలో కూర్చున్నాం, ఆయన మధ్యలో, నేనొక పక్క, పైడితల్లి ఒక పక్క. అరుగు మీద ఆయనతో ఎప్పుడూ డోలు వాయించే వరస బావ, డోలు ముందు పెట్టుకుని పని లేకుండా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. షావుకారు ఫోన్ పట్టుకుని స్పీకరు పక్కన నిలబడ్డాడు. అంతవరకూ బాగానే సాగింది. పంతులుగారు మంగళసూత్రం పైకెత్తి అందరికీ చూపించి "గట్టిమేళం" అని కేకేశారు. షావుకారు ఫోన్ నొక్కాడు. స్పీకరులోంచి రెండు దెబ్బలు గట్టిగా మోగాయి. ఆ వెంటనే పందిరంతా ఒక ఆడగొంతు, తేనెలాంటిది: "మీ మోకాళ్లు మిమ్మల్ని వేధిస్తున్నాయా? మెట్లు ఎక్కలేకపోతున్నారా?"

షావుకారు కంగారుగా ఎక్కడో నొక్కాడు. ఫోన్ లాకైపోయింది. ఆయన తడి వేలికి అది తెరుచుకోలేదు. ప్రకటనలో మోకాళ్ల నూనె గుణగణాలు ఒక్కొక్కటీ వస్తున్నాయి. పంతులుగారు సూత్రం పైకెత్తిన చెయ్యి అలాగే ఉంచారు. ముందు వరసలో ముసలమ్మలు శ్రద్ధగా వింటున్నారు. అందులో ఒకావిడ ఆ నూనె ఎక్కడ దొరుకుతుందని పక్కావిడను అడిగింది. ఇరవై రెండేళ్లుగా అలాంటి నూనెలతో పోరాడుతున్న నాకు ఒళ్లు మండిపోతోంది.

అప్పుడు పక్కనుంచి ఏదో శబ్దం. హుక్, హుక్ అని. ఈయనకు ఎక్కిళ్లేమోనని తిరిగి చూశాను. సన్యాసిరావు నవ్వుతున్నాడు. భుజాలు ఎగిరెగిరిపడుతున్నాయి, తువ్వాలు ఒళ్లో పడిపోయింది. కుడి పెదవి మూల చెవిదాకా పోయింది. ఎడమ మూల చూశాను. కదిలింది. బియ్యపు గింజంత. కానీ కదిలింది.

పైడితల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అటేపు కూడా నవ్వినాడమ్మా" అంది, చాలా మెల్లగా.

ఆయనకు ఇదేమీ పట్టలేదు. లేచి నిలబడ్డాడు, ముఖం మీద ఏమీ లేకుండా, ఊరందరి ముందూ. "ఒరే బావా, ఏటలా సూత్తావు? కొట్టు" అన్నాడు. డోలు మోగింది. ఒక్క డోలే. నూనె గొంతు అందులో కొట్టుకుపోయింది. సూత్రం పడింది.

తర్వాత పానకం పంచారు. అందరి మధ్యా నిలబడి తాగాడు. సగం గెడ్డం మీదుగా కారింది. తుడుచుకుని మళ్లీ గ్లాసు చాచాడు.

ఇక్కడ ఒక్క మాట. నవ్వే మందు, నవ్వితే జబ్బులు పోతాయి అని పొద్దున్నే ఫోన్‌లో పువ్వుల బొమ్మలతో పంపేవాళ్లు ఈ కథ పట్టుకుని ఊరేగకండి. నవ్వు నరాన్ని బాగుచేయలేదు. వేళకు పడిన మాత్రలు, చెయ్యాల్సినంతే చేసిన వ్యాయామం, గడిచిన రోజులు, ఇవి చేశాయి. నవమికి కాకపోతే మరో వారానికి ఆ పెదవి పావురాల ముందు కదిలేది. కానీ పావురాలు చెప్పవు కదా, అటేపు కూడా నవ్వావని. మీతో మీరు ఏకాంతంగా గడపండి, అదే స్వీయ సంరక్షణ అని కూడా ఆ పువ్వుల బొమ్మల్లోనే వస్తుంది. సన్యాసిరావు నెలరోజులు అదే చేశాడు, గోడవైపు తిరిగి.

ఇప్పుడు నా దగ్గరకు మూతి వంకరతో వచ్చినా, మెడనొప్పితో వచ్చినా, కార్డు మీద మొదటి ప్రశ్న మారింది: అన్నం ఎక్కడ, ఎవరి ఎదురుగా కూర్చుని తింటున్నారు? జనం వింతగా చూస్తారు. చూడనివ్వండి. జవాబు చెప్పేటప్పుడు వాళ్ల ముఖంలో కనబడేది నా స్కేలుకు అందదు.

జూన్‌లో రెల్లు ముక్క తిరిగి ఇచ్చేశాను. క్లినిక్‌లోనే ఒకసారి ఊది చూపించాడు. కింద మందుల దుకాణంలోంచి ఇద్దరు పైకొచ్చి పెళ్లెవరిదని అడిగారు. ఎడమ బుగ్గ కుడిదానికంటే రవ్వంత తక్కువ పొంగింది, అంతే. ఆయన ఎప్పటిలాగే గంభీరంగా దండం పెట్టి మెట్లు దిగిపోయాడు.

పైడితల్లి ఒక నిమిషం వెనక ఆగింది. ముఖం చిటపటలాడుతోంది.

"ఇప్పుడు నా ఎదురుగానే కూకుని తింతన్నాడమ్మా. రోజూ కూరలో ఉప్పెక్కువైపోనాదంతన్నాడు."

ఆయన కార్డు తీసి, కోలుకున్నారు అని రాసి సంతకం పెట్టాను.