మా వరండాలో నల్ల పువ్వు

పటాన్‌చెరు దగ్గరి కంపెనీ క్వార్టర్లలో, నా చిన్నప్పుడు, మా గోడకు ఆనుకొని ఉన్న ఇంట్లో కొత్తగా పెళ్లయిన ఒక అక్క ఉండేది. వాళ్లది కంది వైపు పల్లె. మేము నాన్న ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లం. అక్క భర్త అంతకుముందు అస్సాంలో పనిచేశాడట. వస్తూ వస్తూ అక్కడి అడవి మొక్క దుంప ఒకటి తెచ్చాడు. అక్క దాన్ని సగానికి కోసిన నూనె డ్రమ్ములో నాటింది.

మా ప్రాంతపు ఎండలో ఆ మొక్కను బతికించడం కష్టం. కాస్త ఎండ తగిలినా ఆకుల అంచులు మాడిపోయేవి. అందుకని అక్క దాన్ని పెరటి గోడ నీడన పెట్టి, చుట్టూ గోనెసంచులు కట్టి, అవి ఆరిపోకుండా తడుపుతూ ఉండేది. మట్టిలో ఇసుక, ఎండుటాకుల ఎరువు, బొగ్గు ముక్కలు కలిపేది. ఆకులు పసుపు మొక్క ఆకుల్లా వెడల్పుగా ఉండేవి. ఒక వానాకాలం దానికి మొదటిసారి పువ్వు వచ్చింది. దాదాపు నల్లటి పువ్వు. రెక్కలు విప్పిన గబ్బిలంలా ఉండి, కిందికి పొడుగాటి మీసాలు వేలాడుతుండేవి. క్వార్టర్లలో వాళ్లంతా వచ్చి చూసి వెళ్లారు.

ఆ వారమే అమ్మ పురిటికి ఆసుపత్రిలో చేరింది. తమ్ముడు పుట్టాడు కాని బతకలేదు. పురుడు పోయడానికని వచ్చిన అమ్మమ్మ, అమ్మను ఉత్త చేతులతో ఇంటికి తీసుకువచ్చింది.

పరామర్శకు వచ్చిన ఆడవాళ్లు మొదట గుసగుసగా, తరువాత మామూలు గొంతుతోనే పువ్వు మాట ఎత్తారు. "గసొంటి నల్ల పువ్వు పక్కింట్ల పూసినంక మంచి ఎట్లయితది" అంది ఒకావిడ. కడుపుతో ఉన్న మనిషి దాన్ని చూడకుండా ఉండాల్సిందని మా కోస్తా వైపు ఆవిడ ఇంకొకావిడ అంది. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ మాటలు పక్కింటికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు.

మర్నాడు పొద్దున అక్క పార పట్టుకొని డ్రమ్ము దగ్గర నిలబడింది. నేను పెరట్లో పళ్లు తోముకుంటున్నాను. బట్టలు ఆరేస్తున్న అమ్మమ్మ గోడ మీదుగా చూసి, ఏం చేస్తున్నావని అడిగింది.

"పీకేస్త పెద్దమ్మా. వదిన మొకం సూడలేకపోతున్న" అంది అక్క. కళ్లు వాచి ఉన్నాయి.

మా అమ్మమ్మ మడి, శకునం అన్నీ పాటించే మనిషి. ఎవరైనా తుమ్మితే బయలుదేరినది కూడా వెనక్కి వచ్చి కూర్చునేది. కాబట్టి పీకెయ్యమంటుందనే అనుకున్నాను. ఆవిడ మాత్రం కాసేపు మొక్కను చూసి, "అక్కడ దానికి నీడ చాలడం లేదే అమ్మాయ్. మా వరండాలోకి ఎండే రాదు. మీ ఆయన చేత ఇక్కడ పెట్టించు. దాన్ని సాకడం నాకు రాదు, రోజూ నువ్వే వచ్చి చూసుకోవాలి" అంది.

అక్క పార గోడకు ఆనించింది. సాయంత్రానికి డ్రమ్ము పువ్వుతో సహా మా గుమ్మం పక్కకు వచ్చింది. ఆ తరువాత మా ఇంటికి వచ్చినవాళ్లు దాన్ని దాటుకొనే లోపలికి రావలసి వచ్చేది. బిడ్డను పోగొట్టుకున్న ఇంటివాళ్లే దాన్ని గుమ్మంలో పెట్టుకున్నాక, ఎవరికీ దాని గురించి నోరెత్తడం కుదరలేదు.

ఆ పువ్వు మంచిదేనా అని అమ్మమ్మను అడిగాను.

"నాకేం తెలుసే. నేనెప్పుడూ చూడలేదు. మీ అమ్మ ఏడుస్తోంది, చాలదా? ఆ పిల్లను కూడా ఏడిపించాలా?" అంది.

అక్క రోజూ వచ్చేది. మొదట్లో ఇంట్లోకి చూడకుండా నీళ్లు పోసి వెళ్లిపోయేది. ఒక మధ్యాహ్నం అమ్మ లేచి వచ్చి గుమ్మంలో కూర్చుంది. కొంచెమే పోస్తున్నావేమని అడిగింది. అమ్మ తనంతట తాను మాట్లాడడం అన్నాళ్లకు అదే మొదలు.

"జాస్తి పోస్తే దుంప మురుగుతది వదినా. మన్నుల ఏలు వెట్టి సూడాలె" అంది అక్క.

అమ్మ వంగి మట్టిలో వేలు పెట్టింది. చాలాసేపు తీయలేదు. తరువాత, బిడ్డకు జుట్టు ఒత్తుగా ఉందని చెప్పింది. అంతవరకు అమ్మ ఎవరికీ చెప్పని సంగతి అది. అక్క చెంబు కింద పెట్టి, పక్కన కూర్చుని విన్నది.

ఆ తరువాత అమ్మకు మళ్లీ కాన్పు కాలేదు. మొక్క కొన్నేళ్లు పూసి, ఒక ఎండాకాలం చచ్చిపోయింది.

మొన్న భానూర్ దగ్గర తెలిసినవాళ్ల ఇంటికి పరామర్శకు వెళ్లాను. వాళ్ల కొడుకు డ్యూటీకి వెళుతూ హైవే మీద ప్రమాదంలో పోయాడు. హాల్లో ఒకావిడ కోడలు కాలుపెట్టిన వేళ గురించి మాట్లాడుతోంది. ఆ కోడలు వంటింటి గుమ్మం దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. నాకు మోకాళ్ల నొప్పులు. అయినా కుర్చీలోంచి లేచి వెళ్లి, కింద ఆ అమ్మాయి పక్కన కూర్చున్నాను. మంచినీళ్లు తాగుతావా అని అడిగితే తల ఊపింది. నేను అక్కణ్ణుంచి లేవలేదు. వేళ గురించి మాట్లాడుతున్న ఆవిడనే పిలిచి, ఒక గ్లాసు నీళ్లు తెచ్చి ఈ అమ్మాయికి ఇవ్వమన్నాను.

తెచ్చి ఇచ్చింది.