మూడు రాతి దెబ్బలు

నా దగ్గర రెండు నోటు పుస్తకాలున్నాయి. రెండింటిలోనూ లోతులే ఉంటాయి. మొదటిది ఉద్యోగానిది. అనంతపురం చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, బోరుబావుల్లోకి టేపు వదిలి, ఎన్ని మీటర్ల కింద నీళ్లు తగిలాయో రాసుకోవడం నా పని. తగలకపోతే 'ఎండింది' అని రాసి పక్క ఊరి బస్సెక్కుతాను. రెండోది నా సరదాది. సెలవు దొరికినప్పుడల్లా పడమటి సముద్రానికి పోయి, వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని నీళ్లలోకి దిగేవాడిని. ఎక్కడ దిగాను, ఎంత లోతు, ఎన్ని నిమిషాలు, ఏమేం చూశాను, అన్నీ అందులో ఉన్నాయి. ముప్పై ఎనిమిది డైవులు. ముప్పై తొమ్మిదో దానికి లోతు మాత్రమే రాశాను, మిగతా గడులు ఖాళీ. ఇక ఆ పుస్తకంలో రాసేదేమీ లేదు. ఆ రోజు ఏం జరిగిందో మా నాయనకు చెప్పాలా వద్దా అని ఏడాది పాటు గింజుకున్నాను.

మా వీధిలో నన్ను చూసి నవ్వని వాళ్లు లేరు. వారానికోసారి కుళాయి వచ్చే కాలనీలో ఒక మనిషి పనిగట్టుకుని నీళ్లలో మునగడానికి పోతానంటే నవ్వరా మరి. "ఏమన్నా, ఈసారన్నా నాలుగు బిందెలు తెస్తాండావా లేదా?" అని టీ కొట్టు దగ్గర అడిగేవాళ్లు. "ఉప్పునీళ్లప్పా, మీకెందుకు" అని తప్పించుకునేవాడిని. డైవింగ్ సూటు కడిగి మిద్దె మీద ఆరేస్తే, ఎవరో మనిషి వేలాడుతున్నాడని ఎదురింటామె కేక పెట్టింది. ఒకసారి కొత్తగా కొన్న మాస్కులోకి నీళ్లు దిగుతాయేమో చూద్దామని అది ముఖానికి తగిలించుకుని ఇంట్లో డ్రమ్ములో తల ముంచాను. పైకి లేచేసరికి నా భార్య చెంబు పట్టుకుని నిలబడి ఉంది.

"తాగే నీళ్లు అవి. దాంట్లో మొగం కడిగితే ఇంటిల్లిపాదీ ఏం తాగాల ఇప్పుడు?"

తప్పు నాదే. అయినా నాకే కోపం వచ్చి అన్నం తినకుండా ఆఫీసుకు పోయాను. నాకు కోపం తొందరగా వస్తుంది, నీళ్ల విషయంలో మరీ.

ఈ పిచ్చి నీకెక్కడ పట్టిందని అడిగేవాళ్లకు బావి దగ్గర అని చెబుతాను. గోరంట్ల వైపు మా ఊరు. మా నాయనది శెనక్కాయ సేద్యం. కానీ ఊరు ఆయన్ని తలుచుకునేది బావిలో ఏదైనా పడినప్పుడే. బిందె పడినా, మోటారు పైపు ఊడినా, గొర్రె పడినా, మనిషి పడినా మా ఇంటికే పరిగెత్తుకొచ్చేవాళ్లు. చేతిలో పని వదిలేసి పోయేవాడు. పంచె ఎగగట్టి, వంగి నీళ్లను తాకి కళ్లకద్దుకుని దిగేవాడు. ఒక్క ఊపిరితో అడుగుకు పోయి పడిన దాన్ని పట్టుకుని వచ్చేవాడు. శవాన్ని తీసిన రోజు మాత్రం ఎవరింట్లోనూ కాఫీ కూడా ముట్టేవాడు కాదు. నేరుగా ఇంటికొచ్చి, స్నానం చేసి, ఎవరితోనూ మాట్లాడకుండా పడుకునేవాడు.

నాకు ఈత నేర్పింది ఆయనే. ఎండిన కిత్తనార కాడలు వీపుకు కట్టి మా బావిలోకి తోసేశాడు. కాడలు నన్ను తేల్చాయి. నెల తిరిగేసరికి అవి లేకుండానే ఈదాను, ఆ తర్వాత అడుగు చూడాలని ఆశ పుట్టింది. అప్పుడు మా నాయన ఒక పద్ధతి పెట్టాడు. నీళ్ల కింద మాట వినపడదు. అందుకని అరచేతిలో పట్టేంత నల్ల గుండురాయి ఒకటి తెచ్చాడు. నేను కిందికి పోయినప్పుడు ఆయన నీళ్లకు ఆనుకున్న మెట్టు మీద కూర్చుని ఆ రాయితో మెట్టును కొట్టేవాడు. అప్పుడొకటి ఇప్పుడొకటి కొడితే తాను అక్కడే ఉన్నట్టు. వరసగా మూడు కొడితే ఉన్న పళాన పైకి రావాలి. దేన్నీ చూడకూడదు, దేనికీ ఆగకూడదు. ఊపిరి బిగబట్టి కాళ్లు తన్నుకుంటూ వచ్చేయాలి.

"నడమ ఊపిరి ఇడిసినావంటే ఆడనే ఉంటావు" అనేవాడు.

నీళ్లలో ఆ చప్పుడు ఏ వైపు నుంచి వస్తుందో తెలిసేది కాదు. పళ్లలో, పుర్రెలో వినపడేది. పని అయ్యాక ఆ రాయిని బావి గోడలో ఉన్న గూట్లో పెట్టేవాడు.

నాకు పదకొండేళ్లప్పుడు ఒక ఎండాకాలం నేను ఆ దెబ్బలు విని కూడా రాలేదు. ఎక్కువసేపు ఉండగలనని చూపించుకోవాలని అడుగున మోటారు పైపు పట్టుకుని కూర్చున్నాను. మూడు దెబ్బలు వినపడ్డాయి. మళ్లీ మూడు. నాకు లోపల నవ్వొచ్చింది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకున్నాను. మూడోసారి దెబ్బలు కొట్టలేదు. నేను మునిగిపోయాననుకుని మా నాయన దూకేశాడు. ఎప్పుడూ దూకే వైపు కాకుండా, ఉన్న చోటి నుంచే దూకాడు. అక్కడ నీళ్ల కింద మోటారు కోసం వేసిన బండ ఒకటి ముందుకు పొడుచుకొచ్చి ఉండేది. అది ఆయనకు తెలియంది కాదు, ఆ క్షణాన గుర్తు లేదంతే. నేను నవ్వుతూ పైకొచ్చేసరికి ఆయన ఒంటి చేత్తో మెట్టు పట్టుకుని వేలాడుతున్నాడు. కుడి భుజం కిందికి జారిపోయి ఉంది.

"బతికినావా" అన్నాడు. అంతే. తిట్టలేదు, కొట్టలేదు.

కట్టు కట్టించారు. ఎముక అతుక్కుంది గానీ ఆ చెయ్యి మళ్లీ భుజం దాటి పైకి లేవలేదు, పిడికిట్లో పట్టు కూడా నిలవలేదు. ఆయన తర్వాత ఏ బావిలోనూ దిగలేదు. ఊళ్లో వాళ్లు ఇంకెవరినో పిలుచుకున్నారు. కొన్నేళ్లకు బోర్లు వచ్చాయి, బావులు ఒకదాని వెనక ఒకటి ఎండిపోయాయి, మాది కూడా. 'చెయ్యి బాగున్నా ఆయన ఇప్పుడు ఎక్కడ దిగేవాడులే, నీళ్లే లేవు కదా' అని నాకు నేను చెప్పుకునేవాడిని. కరువు నాకు అలా పనికొచ్చింది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం అదే.

నలభై దాటాక బెంగళూరులో ఒక ఈతకొలనులో డైవింగ్ నేర్చుకున్నాను. మొదటి రోజే మాస్టారు బల్ల గుద్ది చెప్పిన మాట, సిలిండర్ గాలి పీలుస్తున్నప్పుడు ఊపిరి ఎన్నడూ బిగబట్టకూడదని. బావిలో మనం పైన పీల్చిన గాలితో దిగి అదే గాలితో పైకి వస్తాం, పరవాలేదు. లోతులో పీల్చిన గాలి అలా కాదు. పైకి వచ్చేకొద్దీ అది ఛాతీలో ఉబ్బుతుంది. వదులుతూ రాకపోతే ఊపిరితిత్తి చీలుతుంది. నాకు అర్థం అయింది. పరీక్షలో మంచి మార్కులు కూడా వచ్చాయి. కానీ నా ఒంటికి అర్థం కావడానికి చాలా రోజులు పట్టింది. నీళ్లు తల దాటగానే దానంతటదే ఊపిరి బిగుసుకునేది. "మీరు ఎక్కడ నేర్చుకున్నారు సార్ ఈత?" అని మాస్టారు విసుక్కునేవాడు. బావిలో అంటే ఆయనకు నవ్వులాటగా ఉండేది.

పట్టుబట్టి మార్చుకున్నాను. సముద్రం అడుగున గుండ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి, అచ్చం మా గుత్తి కొండల్లాగే. ఆ సందుల్లో పచ్చవి, చారలవి, ఈకలు విప్పుకుని తిరిగేవి, రకరకాల చేపలు. వాటికి మా ఊరి మాటల్లో పేర్లు లేవు కాబట్టి నేనే పెట్టుకున్నాను: పంతులు చేప, పెళ్లికూతురు, కండక్టరు. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే నేను అడుగున ఇసుక మీద మోకాళ్లు ఆనించి ఊరికే ఉండేవాడిని. నలభై నిమిషాలు నీళ్ల కింద. ఊపిరి తీస్తూ, వదులుతూ. చిన్నప్పుడు నిమిషం కోసం అంత యాగీ చేశాను. ఎండిన బోర్ల మీద వంగి వంగి విరిగిన నడుం అక్కడ కుదుటపడేది. నేను ఎక్కడైనా సుఖంగా ఉన్నానంటే అక్కడే ఉన్నాను.

ముప్పై తొమ్మిదోసారి మాతో వచ్చిన గైడు కొత్తవాడు. నీళ్లలో మమ్మల్ని పిలవడానికి ఇంతకుముందు వాళ్లు గిలక లాంటిది ఆడించేవాళ్లు. ఇతను అది పడవలోనే మరిచిపోయాడు. పద్నాలుగు మీటర్ల లోతులో ఒక తాబేలు కనిపించింది. అందరికీ చూపించాలని కింద దొరికిన రాయి తీసుకుని తన సిలిండర్ మీద కొట్టాడు. వరసగా మూడు.

తర్వాత నేనేమీ ఆలోచించలేదు. నిజంగా ఏమీ ఆలోచించలేదు. పళ్లలో ఆ చప్పుడు వినపడింది, ఊపిరి బిగబట్టాను, కాళ్లు తన్నుకుంటూ పైకి వచ్చేశాను. ముప్పై అయిదేళ్ల కింద రావలసిన రాకడ అది. సగం దారిలోనే ఛాతీలో ఏదో పట్టున చిరిగినట్టయింది. పైన ఎండ కనిపించింది. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

ఆసుపత్రిలో పక్కటెముకల మధ్య గొట్టం వేసి గాలి తీశారు. బతికాను. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు నా స్కాన్ వెలుతురుకు పెట్టి చూసి, ఇక జన్మలో సిలిండర్ కట్టుకోవద్దన్నాడు. రెండు మీటర్లన్నా దిగొచ్చా అని అడిగాను. ఆయన స్కాన్ కవరులో పెట్టి నా చేతికిచ్చాడు. బస్సులో వస్తూ దారంతా ఏడ్చాను. పక్క సీటాయన ఎవరైనా పోయారా అని అడిగాడు. అవునన్నాను.

మా నాయన నా దగ్గరే ఉంటాడు. మంచం పక్కన కూర్చుని, "ఏమయినాదప్పా?" అన్నాడు. గాలి గొట్టం చెడిపోయిందని చెప్పాను. గైడు రాయి కొట్టాడని, అది నువ్వు కొట్టినట్టే తోచి పైకి వచ్చానని ఎలా చెప్పేది? చెబితే ఆ రాయి ఆయనదే అవుతుంది. ఆయన నేర్పిందే నా ఛాతీ చీల్చిందని ఆయన కూర్చుని కుమిలిపోతే నేను తట్టుకోలేను. చెప్పకపోతే మరోటి. నా మూలంగా ఆయన చెయ్యి పోయిన సంగతి మా ఇద్దరి మధ్య ఎన్నడూ మాటల్లోకి రాలేదు. ఇప్పుడు ఇది కూడా దాని పక్కన చేరింది.

ఆ మరుసటి ఏడు మా వైపు ఎన్నడూ లేనంత వానలు పడ్డాయి. కుంటలు నిండాయి. నా ఉద్యోగం పుస్తకంలో 'ఎండింది' అని రాసిన చోట్లలో అంకెలు వచ్చాయి. మా బావిలో కూడా నీళ్లెక్కాయని ఊరి నుంచి ఫోన్ వచ్చింది. మా నాయన ఆ మాట విని చొక్కా వేసుకున్నాడు.

పొద్దున పది గంటలకు బావి దగ్గర ఉన్నాం. నీళ్లు మెట్ల సగం దాకా వచ్చాయి, ఆకుపచ్చగా, కదలకుండా. మా నాయన పట్టుకోనివ్వకుండా తానే మెట్లు దిగి, ఎడమ చేత్తో నీళ్లు తాకి కళ్లకద్దుకున్నాడు. గోడలో గూడు నీళ్లకు జానెడు పైన ఉంది. లోపల చెయ్యి పెట్టి తడిమి చెత్త తీసి పడేశాడు. రాయి ఉంది.

దాన్ని చూశాక నా నోరు ఆగలేదు.

"నాయనా, గొట్టం చెడలేదు. ఆ పొద్దు సముద్రంలో ఒకాయప్ప రాయి కొట్టినాడు. మూడు దెబ్బలు. నువ్వు పిల్చినట్టే ఉన్నింది. ఊపిరి బిగబట్టి వచ్చేసినా. బిగబట్టకూడదంట. అందుకే చిరిగింది."

ఆయన వేళ్లకంటిన చెత్త పంచెకు తుడుచుకున్నాడు. తర్వాత నా వైపు తిరగకుండానే అన్నాడు.

"రావల్సిన పొద్దు రాకపోతివి. రాకూడని పొద్దు వస్తివి."

అన్నేళ్లలో ఆ రోజు గురించి ఆయన నోట విన్న మాట అదొక్కటే. కోపం లేదు ఆ గొంతులో. అది ఉన్నా బాగుండేదనిపించింది. నేను ఆయన కాళ్ల దగ్గర మెట్టు మీద కూర్చుండిపోయాను. ఆయన వంగి గూట్లోంచి ఆ రాయిని తీసి నాకు ఇవ్వబోయాడు. మరిచిపోయి కుడి చేత్తో ఎత్తాడు. పట్టు నిలవక రాయి జారి మెట్టు మీద పడి, ఇంకో మెట్టు దొర్లి, నీళ్లలోకి పోయింది.

నేను ఉలిక్కిపడి లేచాను. ఇద్దరం ఒక్కసారే ఒక అడుగు ముందుకు వేశాం. నీళ్లు నా పాదాల మీదికి వచ్చాయి. ఆయన పంచె అంచు తడిసింది. ఇద్దరం అక్కడే ఆగిపోయాం.

"పోనీలేప్పా" అన్నాడు మా నాయన. "దాంతో ఇంక పనేముండాది."