వచ్చిన తొవ్వ

మొన్న నిజామాబాద్‌ల మాజీ సైనికుల సభ పెట్టి, పోయిన సిపాయిల పెండ్లాలకు శాలువ కప్పుతమని నన్ను పిలిశిండ్రు. పోయిన. పోకుంటే బాగుండు. ఒక కొత్త ఆఫీసరు తెర మీద బొమ్మలేసి, అడవిల కొట్లాట ఎట్ల చెయ్యాల్నో చెప్తుండు. మనిషికీ మనిషికీ పది అడుగులు ఎడం ఉండాలె. వారం ముందు నుంచే వాసన సబ్బు బంద్, బీడీ బంద్. నోరు ఇప్పొద్దు, చేతి సైగలే. ఆఖరికి ఎర్ర అక్షరాలు పడ్డయి. నాకు సదువు అంతంతే, పక్కనున్న మనవరాలు సదివింది: ‘పోయిన తొవ్వన మళ్ల రావద్దు. మేం నేర్చుకున్న పాఠం.’

గా పాఠం మా ఇంట్ల ముప్పై ఏండ్ల సంది ఉన్నది. మా ఆయనది బోధన్ పక్కన చెరుకు ఊరు. పటాలంల చేరకముందు అడివిపందులకు ఉచ్చులు పెట్టెటోడు. పంది చెరుకుల ఏ సందున సొచ్చిందో, కడుపు నిండినంక గా సందునే ఎళ్తది. ఉచ్చు ఏడ పెట్టాలె అని ఎతుకుడే లేదు. అసొంటోన్ని తుపాకులు పట్టి దాగినోళ్లను ఎతకనీకె తూర్పు దిక్కు కొండల అడవికి పంపిండ్రు. సెలవుల మీద వస్తే చెరుకు నమిలి పిప్పి ఉమ్ముకుంట చెప్పెటోడు, వెదురు పొదలు, జలగలు, ఒంటి మీదనే ఆరే బట్టలు. అన్నీ నవ్వుకుంటనే చెప్పెటోడు, ఒక్కటి తప్ప.

మూడు దినాలు అడవి తిరిగినా ఎవ్వడు దొరకలేదట. వెనకకు మళ్లేటప్పుడు మా ఆయన, “సార్, ఇంకో దిక్కు నుంచి నరుక్కుంట పోదాం. వచ్చిన తొవ్వన పోతే పంది లెక్క పడతం” అన్నడట. పై ఆఫీసరు పకపక నవ్వి, “పందులు పట్టెటోడా, భయమైతుందా? కొట్టిన తొవ్వ ఉండంగ మళ్ల కొట్టాల్నా? పొద్దుగూకకముందే బండి కాడికి చేరాలె” అన్నడట. వాగు దాటే కాడ ముంగట నడిచెటాయన కాలు కింద మందుపాతర పేలింది. భీమ్‌గల్ ఆయన, పటాలంల మా ఆయన పక్క మంచం మీద పండెటోడు. ఇంటికి పంపనీకె బూట్లు గూడ రెండు దొరకలే.

పేరు మాత్రం మా ఆయనకొచ్చింది. తోటోళ్ల ధైర్యం చెడగొట్టిన పిరికోడని కాయితంల రాశిండ్రు. గా మాట సెలవు మీదొచ్చిన ఎవనితోనో ఊరికి చేరింది. నౌకరి ఇడిశొచ్చినంక కల్లు కాడ అందరికీ అదే నవ్వులాట. అంగడికి ఒక గల్లీన పోయి ఇంకో గల్లీన వచ్చెటోడు. “కాళ్లకు పనిలేదా నీకు, పిరికి మొఖమోడా” అని నేను గూడ అన్న. గది యాదికొస్తే నా మీద నాకే రోత.

శాలువ కప్పుతుంటే గా కొత్త ఆఫీసరు చెయ్యి పట్టుకున్న. “బిడ్డా, గా పాఠం మీరు నేర్చుకునుడేంది, మా ఆయన ముందే చెప్పిండు. కాయితంల పిరికోడన్న మాట కొట్టెయ్యి” అన్న.

ఆయన మైకు పక్కకు జరిపిండు. “పాత కాయితాలమ్మా, ఏడున్నయో ఏమో. గిటు సూడు, ఫొటో తీస్తుండ్రు” అన్నడు.

శాలువ కుర్చీల ఇడిశిపెట్టి, పోయిన గల్లీన కాకుండ ఇంకో గల్లీన ఇంటికొచ్చిన. మా ఆయన అడవిల ఒక్క నిమిషంల చెప్పిన దానికి వాళ్లకు ముప్పై ఏండ్లు పట్టింది. గా ఏండ్లల్లనే ఆయన పిరికోడు లెక్క బతికి, పిరికోడు లెక్కనే పోయిండు.