కాజాలక్క అన్న మాట

దర్జీ కొట్లన్నిటికీ చొక్కా గుండీలు దూరే కాజాలు కుట్టిపెట్టే ఆమెను వీధి వీధంతా కాజాలక్క అంటారు. మనిషి పొట్టి, మాట గట్టి. మొగుడు వెల్డింగు పనివాడు. ఇద్దరికీ పొసగక విడిపోయిన రోజున, చంకలో బిడ్డతో, నలుగురి ముందూ "నీ పైసా నాకొద్దు, పో" అనేసింది. అన్న మాట మీద నిలబడింది కూడా. పొయ్యి వెలగని పూటల్లోనూ వెల్డింగు షెడ్డు వైపు తొంగిచూడలేదు.

బిడ్డ పెరిగి బడికెళ్తోంది. సాయంత్రాలు తల్లికి సూదిలో దారం ఎక్కించడం దాని పని. ఓ రోజు దారం బెజ్జం పక్కనుంచే పోతుంటే కాజాలక్క నెత్తిన ఒక్కటి మొట్టింది.

"ధ్యాస ఎక్కడ పెట్టావే, మహారాణీ?"

"బెజ్జం రెండుగా ఉందమ్మా. బళ్ళో బోర్డు కూడా అంతే."

కాజాలక్క చేతిలో చొక్కా ఒళ్ళోకి జారింది.

ప్రభుత్వాసుపత్రిలో కళ్ళద్దాలు ఊరికే ఇచ్చారు. కానీ ఒక కన్ను మందగిస్తోందనీ, బయట పెద్ద డాక్టరు దగ్గర నెలనెలా వైద్యం చేయించకపోతే అది దక్కదనీ చెప్పారు. ఆ ఖర్చుకు వీధిలోని చొక్కాలన్నీ కుట్టినా చాలదు.

"వాణ్ణి అడగొచ్చుగా?" అంది పక్కింటి పిన్ని.

"ఉమ్మింది మళ్ళీ మింగమంటావా పిన్నీ?"

పిన్ని ఊరుకునే రకం కాదు. చెయ్యి పట్టుకు లాక్కెళ్ళి, కోర్టు ఆవరణలో ఫీజు లేకుండా కేసులు చూసే వకీలమ్మ ముందు కూర్చోబెట్టింది. ఆవిడ అంతా విని అడిగింది.

"వద్దన్నదెవరు?"

"నేనే."

"మరి పాపేమంది?"

"దానికప్పటికి మాటలే రాలేదమ్మా!"

"దాని తరఫున వద్దనడానికి మీరెవరు? మీ భరణం మీరు వదులుకున్నారు, సరే. పిల్ల పోషణ పిల్ల హక్కు. దాన్ని వదులుకునే అధికారం తల్లికి లేదు, ఎగ్గొట్టే అధికారం తండ్రికి లేదు."

"సర్కారు అద్దాలిచ్చిందిగా…"

"సర్కారు సాయం చేస్తే తండ్రి తండ్రి కాకుండా పోతాడా?"

కాజాలక్కకు అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళూ తన చొక్కాకూ పిల్ల చొక్కాకూ కలిపి ఒకటే కాజా కుట్టిందన్నమాట.

విచారణ రోజున వెల్డరు, "తనే వద్దందండీ, నలుగురూ విన్నారు" అన్నాడు.

కాజాలక్క లేచింది. "నా మాట నేను తప్పలేదు. నాకిప్పటికీ నీ పైసా వద్దు. అడుగుతున్నది ఇది" అని, ముక్కు మీద అద్దాలు జారుతున్న పిల్లను ముందుకు తోసింది.

వైద్యం ఖర్చూ పోషణా తండ్రే భరించాలని తీర్పు వచ్చింది. మొదట్లో వెల్డరు గొణిగాడు, తర్వాత ఎగ్గొట్టబోయాడు, వకీలమ్మ నోటీసు పంపాక దారికొచ్చాడు. ఆ డబ్బుతో కాజాలక్క తనకోసం టీ చుక్క కూడా కొనుక్కోలేదు.

కన్ను పూర్తిగా బాగుపడలేదు, అలాగని పోనూ లేదు. పిల్లకిప్పుడు బెజ్జం ఒకటే కనబడుతుంది. అయినా సూదిలో దారం మాత్రం కాజాలక్కే ఎక్కించుకుంటోంది.