ఆండాళు మేడం క్లాకు పాఠం

ఆండాళు మేడం బొటనవేలికి రోజుకు రెండుసార్లే పని. పొద్దున తొమ్మిదింటికి ఒకసారి, సాయంత్రం నాలుగున్నరకు ఒకసారి. కోదాడ శివారులోని ఆ ఇంజనీరింగ్ కాలేజీ గుమ్మం దగ్గర హాజరు మిషన్ మీద వేలు పెడితే, అది ఆడగొంతుతో "థాంక్యూ" అంటుంది. ఆ రెండు థాంక్యూల మధ్య ఆమె చేయాల్సిందేమీ లేదు. ఎలక్ట్రానిక్స్ బ్రాంచిలో పిల్లలు చేరడం ఎప్పుడో మానేశారు, ఆఖరి బ్యాచి వెళ్లిపోయి రెండేళ్లయింది. అందరికీ కంప్యూటర్లే కావాలి. మరి జీతమిచ్చి ఆమెను ఎందుకు ఉంచుకున్నారంటే, తనిఖీకి వచ్చే కమిటీకి ఆ బ్రాంచి ఇంకా బతికే ఉందని చూపించడానికి.

మానేసి పోవచ్చు కదా అంటారు. మీ సర్టిఫికెట్లు మీ ఇంట్లో ఉన్నాయి కాబట్టి అంటారు. ఆమెవి పదో తరగతి మెమో నుంచి ఎం.టెక్ పట్టా దాకా, ఉద్యోగంలో చేరిన రోజే చైర్మన్ గదిలోని ఇనుప బీరువాలోకి వెళ్లాయి. పదకొండేళ్లుగా అక్కడే ఉన్నాయి. అలా దాచుకోకూడదని నిబంధన ఉంది. నిబంధనలు చాలానే ఉన్నాయి.

ఆమె పుట్టింది మిర్యాలగూడలో. తండ్రి నాగయ్య రైస్ మిల్లులో ఆపరేటర్. చిన్నప్పుడు ఆయనకు అన్నం క్యారియర్ తీసుకెళితే, తింటున్నవాడు మధ్యలో లేచి పరుగెత్తేవాడు. గింజ రావడం ఆగిందంటే చాలు, బియ్యం తెల్లగా చేసే పాలిషర్ మరను ఆపేదాకా ఆయనకు ముద్ద దిగదు.

"వడ్లు లేనప్పుడు ఇది ఊకె తిరుగుడెందుకు బిడ్డా? కరెంటు దండుగ, మర అరుగుడు దండుగ" అనేవాడు.

ఎం.టెక్‌లో క్లాక్ గేటింగ్ పాఠం చదివినప్పుడు ఆమెకు నవ్వొచ్చింది. చిప్పులో క్లాకు సెకనుకు కోట్లసార్లు కొట్టుకుంటుంది. అది కొట్టినప్పుడల్లా, పని ఉన్నా లేకున్నా, ప్రతి భాగమూ ఉలిక్కిపడి ఇంత కరెంటు తింటుంది. పని లేని భాగానికి ఆ క్లాకు చేరకుండా మధ్యలో ఒక గేటు పెట్టి ఆపడమే క్లాక్ గేటింగ్. నాన్న చేసిందీ ఇదే కదా అనుకుంది. ప్రాజెక్టు దాని మీదే చేసింది. తర్వాత పెళ్లయి సూర్యాపేట వచ్చింది. అక్కడి నుంచి కోదాడకు రోజూ బస్సు.

ఖాళీగా కూర్చోబెట్టిన ఆ రెండేళ్లూ ఆమె ఖాళీగా కూర్చోలేదు. ల్యాబులో ఒంటరిగా డిజైన్లు వేసింది, చిప్పుల కంపెనీలకు పంపింది. చివరికి హైదరాబాద్ కంపెనీ ఒకటి మూడుసార్లు ఇంటర్వ్యూ చేసి తీసుకుంది. పని కూడా ఇదే, చిప్పుల్లో కరెంటు తగ్గించడం. పదిహేడో తారీఖున ఒరిజినల్స్‌తో వచ్చి చేరాలి. ఆ మెయిల్ బస్సులో చూసింది, మునగాల దాటేలోపు నాలుగుసార్లు చదువుకుంది.

చైర్మన్ ప్రభాకర్ గారు కేకలేసే మనిషి కాదు. అదే వచ్చిన చిక్కు. టీ తెప్పించి, మాట మొత్తం విన్నాడు.

"సంతోషం తల్లీ. పద్నాలుగున ఇన్‌స్పెక్షన్ ఉంది కదా, అదొక్కటి దాటించెయ్యి. ఆ సాయంత్రమే నీ కాగితాలు నీ చేతిలో పెడతాను."

దాటించడమంటే, కంప్యూటర్ బ్రాంచి పిల్లల్ని ముప్పైమందిని తెచ్చి ఎలక్ట్రానిక్స్ క్లాసులో కూర్చోబెడతారు, వాళ్లు తన విద్యార్థులేనన్నట్టు ఆమె పాఠం చెప్పాలి. తప్పని ఆమెకు తెలుసు. ఒప్పుకుంది. ఆ బీరువా ముందు నిలబడితే నేనైనా ఒప్పుకునేవాణ్ణే.

పద్నాలుగున కమిటీ పెద్దాయన వచ్చి వెనక బెంచీలో కూర్చున్నాడు. క్లాక్ గేటింగ్ నిర్వచనం బోర్డు మీద రాసి, పది నిమిషాల్లో ముగిద్దామనుకుంది ఆండాళు. ముందు బెంచీలో మౌనిక అనే అమ్మాయి ఉంది. అనంతగిరి దగ్గరి తండా పిల్ల. నోరు మెదపొద్దని పిల్లలందరికీ చెప్పి ఉంచిన సంగతి మరిచిపోయి చెయ్యెత్తింది.

"మేడం, పని లేని కాడికి క్లాకు పోతే పోనీ, దానికేమైతది?"

ఆండాళు చేతిలో సుద్దముక్క ఆగింది. ఆమెను ఎవరైనా ఒక ప్రశ్న అడిగి రెండేళ్లయింది.

"మీ వడ్లు మిల్లుకు పట్టిస్తరా?" అని అడిగి, బోర్డు మీద పాలిషర్ బొమ్మ వేసింది. అక్కడి నుంచి చిప్పులోకి తీసుకెళ్లింది. గేటు ఎక్కడ పెట్టాలో చెప్పింది. క్లాకు కొట్టే మధ్యలో గేటు కదిపితే సగం దెబ్బ లోపలికి జారి లెక్కంతా తప్పుతుందని, రెండు దెబ్బల మధ్య సందు చూసి కదపాలని చెప్పింది. పది నిమిషాలు గంటయింది. ఒక్కరూ ఫోన్ తీయలేదు. వెనక పెద్దాయన కూడా కాగితం తీసి రాసుకున్నాడు. ఆ గంటసేపు ఆండాళు ఎంతో సంతోషంగా ఉంది, ఇనుప బీరువా కూడా గుర్తు రాలేదు.

సాయంత్రం కమిటీ కారు గేటు దాటగానే ప్రభాకర్ గారే ల్యాబుకు వచ్చాడు, చేతిలో స్వీట్ల డబ్బాతో.

"ఏం చెప్పావమ్మా పాఠం! ఇలాంటి టీచరున్న బ్రాంచికి ఇంకో మూడేళ్లు అనుమతివ్వాలని నీ పేరు పెట్టి మరీ రాసిపోయాడాయన."

"నా సర్టిఫికెట్లు సార్..."

"నీ పేరు మీద వచ్చింది తల్లీ ఇది. నువ్వెళ్లిపోతే రేపు వాళ్లకేం చెప్పను? మూడేళ్లు ఎంతసేపు, కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతాయి."

డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. పుస్తకంలోవి నాలుగు ముక్కలు నత్తినత్తిగా చదివి దిగిపోయి ఉంటే ఈపాటికి కాగితాలు చేతిలో ఉండేవి. ఏడుపు రాలేదు ఆమెకు. కోపం వచ్చింది, అదీ తన మీదే. కోర్టుకు వెళ్లమన్న వాళ్లున్నారు. కోర్టు వాయిదాల కోసం పదిహేడో తారీఖు ఆగదు. కంపెనీని ఇంకో వారం గడువు అడిగితే, వీలుకాదని మర్యాదగా రాశారు.

పదిహేడున తొమ్మిదింటికి ఆండాళు మిషన్ మీద వేలు పెట్టింది. "థాంక్యూ" అంది మిషన్. ల్యాబు తలుపు తీసేసరికి మౌనిక నోటుబుక్కుతో వచ్చి నిలబడి ఉంది.

"మేడం, చిన్న డౌట్. క్లాకు ఆపేసినంక, ఆ భాగంల అప్పటిదాక ఉన్నదంత పోతదా?"

"పోదు. ఆపినప్పుడు ఏది ఉందో అదే పట్టుకొని ఉంటది."

"మళ్ల క్లాకు రాకపోతే? ఎంతసేపని పట్టుకుంటది మేడం?"

ఆండాళు ఎదురుగా ఉన్న క్లాసు గదిలోకి చూసింది. బోర్డు మీద మొన్న తాను వేసిన పాలిషర్ బొమ్మ ఇంకా చెరిపేయలేదు.

"కరెంటు ఉన్నంతసేపు" అంది.

మౌనిక ఆ మాట నోటుబుక్కులో రాసుకుంది.