టూ అంటే అతి

నిన్న సాయంత్రం హన్మకొండ చౌరస్తాలో సర్వపిండి కాలుతున్న వాసనకు నా కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. బండి పక్కన నిలబడి తింటున్న కాలేజీ పిల్ల ఒకతి "టూ గుడ్ అక్కా!" అని బండామెను మెచ్చుకుంది. ఆ రెండు మాటల వెనక ముప్పై ఏళ్లుగా నేను దాచిన తప్పు ఒకటుంది.

మా నాన్న చెల్లెలు లక్ష్మత్త, మామ పోయాక మాతోనే ఉండేది. నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, ఉల్లాకు, కళ్లు మండే కారం వేసి పిండి కలిపి, సర్వ గిన్నె లోపలంతా అరచేత్తో పల్చగా అద్ది, వేలితో బొక్కలు పొడిచి, ఒక్కో బొక్కలో రెండేసి చుక్కల నూనె వేసి మూత పెట్టిందంటే, వాకిట్లో చింతగింజలాడే పిల్లలమంతా ఆట మధ్యలోనే లేచి పరుగెత్తేవాళ్లం, అడుగున మాడిన ఎర్రటి పెచ్చు కోసం జుట్లు పట్టుకునేవాళ్లం. బతుకమ్మ పండుగకైనా, ముసురు పట్టిన సాయంత్రానికైనా మాకు అదే సంబరం.

ఒక ఏడాది ఆడపిల్లల హాస్టల్‌లో వంటమనిషి కావాలన్నారు. "నౌకరి దొరికితే ఎవ్వల మీద పడి తినే పని లేదు" అని అత్త ఎగిరి గంతేసింది. ముందు ఏదన్నా వండి చూపించమన్నారు. వార్డెన్ మేడం నోరు తెరిస్తే ఇంగ్లీషేనట, అందుకని ఆరో తరగతి పండితురాలినైన నన్ను వెంట తీసుకుపోయింది.

సరిగ్గా ఆ వారమే మా సారు వెరీకీ టూకీ తేడా చెప్పారు. వెరీ అంటే చాలా, టూ అంటే అతి, పనికిరానంత. చాయ్ వెరీ హాట్ అయితే ఊదుకుని తాగొచ్చు, టూ హాట్ అయితే నోరు కాలుతుంది. ఇంక నేను ఆగుతానా, కనబడ్డ ప్రతిదానికీ టూ తగిలిస్తూ తిరిగాను.

అత్త హాస్టల్ వంటగదిలో కట్టెల పొయ్యి మీద సర్వపిండి కాల్చి పెట్టింది. మేడం ఒక ముక్క నోట్లో వేసుకుని, కళ్లు పెద్దవి చేసి, "టూ గుడ్!" అని ఆఫీసు గదిలోకి వెళ్లిపోయింది.

"ఏమన్నదే బిడ్డా?"

"అతి అయిందంటాంది అత్తా," అన్నాను, నా తెలివికి నేనే పొంగిపోతూ.

అత్త ముఖం వాడిపోయింది. "ఉప్పు జర ఎక్కువ పడ్డట్టుంది," అని సర్వ చేతపట్టుకుని ఇంటిదారి పట్టింది.

పొద్దుగూకక ముందే హాస్టల్ ప్యూను సైకిలు మీద వచ్చాడు, రేపటినుంచి పనిలోకి రమ్మన్నారని. ఇంట్లో ఒకటే కేకలు, పండుగే పండుగ. అత్త మాత్రం "పాపం, జాలిపడ్డది మేడం" అంది. ఇక హాస్టల్‌లో పనిచేసినన్నాళ్లూ ఉప్పూ కారం చెయ్యి బిగబట్టే వేసింది. పిల్లలు లొట్టలేసుకుంటూ తిన్నా నమ్మేది కాదు.

కాలేజీలో దోస్తులు నచ్చిన చీరకూ, సినిమాకూ టూ గుడ్ అనడం విన్నాక నాకు అసలు సంగతి తెలిసింది. సారు చెప్పింది తప్పేం కాదు. కానీ గుడ్ పక్కన చేరేసరికి, మనవాళ్ల నోట ఆ టూ మెప్పయిపోయింది. తెలిసినా అత్తకు చెప్పడానికి నోరు రాలేదు, సిగ్గుతో చచ్చిపోయాను.

నిన్న మాత్రం పొట్లం కట్టించుకుని నేరుగా అత్త దగ్గరికే వెళ్లాను. హాస్టల్‌లో ఆ కట్టెల పొయ్యిల వంటగది ఇప్పుడు లేదు. మేడం ఎక్కడుందో తెలియదు. అత్త వేళ్లు వంకర్లు పోయి, పిండి అద్దే పని మానేసి చాన్నాళ్లయింది. తిడితే తిట్టనీ అని గబగబా మొత్తం చెప్పేశాను.

అత్త కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. "గిన్నేండ్లు సప్పిడి కూడు పెడితిని గదనే ఆ పోరలకు!" అంది. తర్వాత నా పక్కకు జరిగి కూర్చుంది.

"మల్లొక్కసారి చెప్పు. ఏమన్నది మేడం?"

"మస్తుగున్నదన్నది అత్తా."

"గట్ల గాదు. ఆమె అన్నట్టే ఇంగ్లీషుల చెప్పు."