ఆ అచ్చుతప్పు భాయిది కాదు

ప్రెస్సు భాయి పోయాడని నాకు ఫోనులోనే తెలిసింది. మా విశ్రాంత గని కార్మికుల సంఘం వాళ్లు గ్రూపులో ఫోటో పెట్టారు. ఫోటోకి రెండు పక్కలా దీపాలు పెట్టారు. రంజాన్ వస్తే ఆయన ఇంట్లో షీర్ ఖుర్మా తాగిన వాళ్లే వీళ్లంతా. ఆ ఇంట్లో చనిపోయినవాళ్లకు దీపాలు పెట్టరన్న ఇంగితం ఒక్కరికీ లేకపోయింది. కింద "మన భాయి ఇక లేరు" అని రాశారు. నాకు చదువు అంతంతే, కూడబలుక్కుని చదువుతాను. "మన" దగ్గర ఆగిపోయాను. అది రాసిన చేతులే కదా ఆయన్ను బయటివాడిని చేశాయి. ఏళ్లుగా ఈ మాట చెప్పాలని చూస్తున్నాను. బతికున్నంత కాలం ఆయన నన్ను నోరెత్తనివ్వలేదు. ఇప్పుడు అడ్డుపడే మనిషి లేడు, అందుకే రాస్తున్నాను.

మా సంఘం నెలనెలా వేసే నాలుగు పేజీల పత్రిక గోదావరిఖనిలో ఆయన ప్రెస్సులోనే అచ్చయ్యేది. పింఛను సంగతులు, మెడికల్ కార్డులు, క్వార్టర్ల నీళ్లు, ఇవే అందులో ఉండేవి. మందమర్రికీ నస్పూర్‌కీ పోయే కట్టలు బస్సెక్కించే పని నాది. గని నుంచి దిగిపోయాక నా కాలమంతా ఆ దుకాణం ముందున్న బెంచీ మీదే గడిచింది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో మందు పెట్టి పేల్చే బాంబింగ్ వేళ అయితే షట్టరు గడగడలాడేది. అప్పుడు భాయి ఏ పనిలో ఉన్నా లేచి వచ్చి, అచ్చయిన కాగితాల దొంతర మీద అరచెయ్యి ఆనించి నిలబడేవాడు. పిల్లవాడి తల మీద చెయ్యి పెట్టినట్టుండేది. అదురు ఆగాక మళ్లీ పోయి కూర్చునేవాడు.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. ఎవరు ఏది రాసుకొచ్చినా, పెండ్లి కార్డయినా సరే, అచ్చుకు పోయే ముందు రాసినవాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి మొదటి నుంచి చివరిదాకా పైకి చదివేవాడు. లైను కింద చెక్క స్కేలు పెట్టి చదివేవాడు.

"ఎందుకు భాయ్ గీ పంచాయితీ, మేం చూసుకున్నం గదా" అని వాళ్లు విసుక్కునేవారు.

"కన్ను ఉరుకుతది సార్. చెవి ఉరకది. జర కూసోండ్రి" అనేవాడు.

ఆయన చదువుతుంటే వెనక నుంచి ఆ స్కేలు వెంట నా కళ్లు నడిపించేవాడిని. నాకొచ్చిన నాలుగక్షరాలు గట్టిపడింది అక్కడే. ఆయన దాన్ని గొప్పగా ఎన్నడూ చెప్పుకోలేదు. నేను తప్పు చదివితే మాత్రం, "అన్నా, గాడ మలుపున్నది, బండి నిమ్మళంగ నడుపు" అనేవాడు.

ఒకసారి సంఘం ఆఫీసుకు కరీంనగర్ నుంచి ఒక బీమా ఏజెంటు వచ్చాడు. పత్రికలు వేసే సంఘాలకు కూడా బీమా ఉంటుందట. మన రాతల వల్ల పరువు పోయిందని ఎవరైనా కోర్టుకు పోతే, వకీలునూ నష్టపరిహారాన్నీ బీమా కంపెనీయే చూసుకుంటుందట. మంచిదే అనుకున్నాం. రాసేది నిజమే అయినా కోర్టుకు ఈడ్చేవాళ్లు ఉంటారు. మా కార్యదర్శి సంఘం పేరు, కార్యవర్గం పేర్లు, పత్రికకు రాసే తన పేరు చెబుతుంటే ఏజెంటు రాసుకున్నాడు. భాయి ఆ రోజు కాగితాలు ఇవ్వడానికి వచ్చి అక్కడే ఉన్నాడు.

"గిండ్ల నేనున్ననా సార్? పత్రిక కింద నా ప్రెస్సు పేరు గూడ ఉంటది గదా" అని అడిగాడు.

కార్యదర్శి నవ్వాడు. "నువ్వేమన్న బయటోడివా భాయ్? నువ్వు మనోడివి. నీ పేరు వేరే రాయాల్నా?"

"గంతేనంటవా?"

"గంతే."

మా దగ్గర మనోడు అంటే మాట అయిపోయినట్టే, దాని మీద కాగితం అడిగితే మనసు నొప్పించినట్టు. భాయి ఇంకేమీ అడగలేదు.

తర్వాత కొన్నాళ్లకు క్వార్టర్లకు బురదనీళ్ల ట్యాంకర్లు వచ్చాయి. కార్యదర్శి గట్టిగా రాశాడు, బాగా రాశాడు. కాంట్రాక్టరు పేరు మాత్రం అంతకు ముందు ఏడాది వాడిది రాశాడు. భాయి ఎప్పటిలాగే ఆయన్ను కూర్చోబెట్టి పైకి చదివాడు. ఆ పేరు కూడా చదివాడు. నేను బెంచీ మీద చాయ్ తాగుతూ నా చెవులతో విన్నాను. కార్యదర్శి తల ఊపి "కొట్టు భాయ్" అన్నాడు.

పేరు పడిన కాంట్రాక్టరు కోర్టుకు పోయాడు. నోటీసు సంఘానికి వచ్చింది, రాసిన కార్యదర్శికి వచ్చింది, అచ్చు వేసిన భాయికి కూడా వచ్చింది. బీమా కంపెనీ వకీలు ఆఫీసుకు వచ్చి, పాలసీలో ఉన్న మీ వరకే మేము చూస్తాం, ప్రెస్సు బయటిది, ఆయన సంగతి మాకు పట్టదు అన్నాడు.

"మనోడంటివి గదా?" అని నేను కార్యదర్శిని అడిగాను.

"గది మాటకన్నది కాకా. ఇది కాయిదం" అన్నాడు.

వకీలే రాజీ కుదిర్చాడు. పేరు తప్పు పడింది అచ్చులో అని పత్రికలో ఒక ప్రకటన వస్తే, సంఘం మీదా కార్యదర్శి మీదా దావా వెనక్కి తీసుకుంటానని కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు. "ముద్రణలో జరిగిన పొరపాటుకు చింతిస్తున్నాము" అని గడి కట్టి వెయ్యాలి. ఆ గడి అచ్చు వెయ్యమని తెచ్చింది ఎవరి దగ్గరికి? భాయి దగ్గరికే.

ఆ సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. భాయి కాగితం తీసుకుని, కళ్లజోడు నుదుటి మీద నుంచి కిందికి దించి, కార్యదర్శికి కుర్చీ వేశాడు. స్కేలు పెట్టి మొదటి నుంచి చదివాడు. ముద్రణలో జరిగిన పొరపాటు అన్న దగ్గర గొంతు పెంచలేదు, తగ్గించలేదు. అంతా చదివి, "సరిగ్గనే ఉన్నదా సార్?" అని అడిగాడు.

కార్యదర్శి నేలకేసి చూశాడు. "ఉన్నది. కొట్టు" అన్నాడు.

కొట్టాడు. వీళ్లు బయటపడ్డారు. ఆయన మీద దావా ఆగలేదు. వాయిదా పడ్డప్పుడల్లా దుకాణం మూసి ఒక్కడే కోర్టుకు పోయేవాడు. చాలా ఏళ్లకు కాంట్రాక్టరుకే విసుగొచ్చి రావడం మానేస్తే కేసు కొట్టేశారు. ఆయన మీద పడిన మాట మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు. పెండ్లి కార్డుకు వచ్చిన ఒకాయన, "పేర్లు జర చూసి కొట్టు భాయ్, పత్రిక లెక్క చెయ్యకు" అన్నాడు. భాయి నవ్వి స్కేలు అందుకున్నాడు. తర్వాత తర్వాత ఆ మాట అనడానికి కూడా ఎవరూ రాలేదు. కార్డులన్నీ మంచిర్యాల పోయాయి.

నేను ఊరుకోలేక మీటింగులో లేస్తానంటే చెయ్యి పట్టుకుని ఆపాడు. "వద్దన్నా. పత్రిక నడవాలె. నా పేరు కింద సన్నక్షరాలల్ల ఉంటది, గది ఎవరు చదువుతరు?"

"నేను చదువుతా" అన్నాను. ఆయన మీద కూడా నాకు కోపమే. ఇప్పటికీ తగ్గలేదు.

ఖబరస్తాన్‌లో మట్టి వేసి వస్తుంటే కార్యదర్శి నా పక్కన నడిచాడు. "కాకా, భాయి మీద రెండు మాటలు రాసియ్యి, పత్రికల వేద్దాం" అన్నాడు.

"ఆ గడి సంగతి గూడ రాస్త."

"పోయినోడు పోయిండు. గదెందుకు కాకా ఇప్పుడు?"

అందుకే ఇది సంఘం పత్రికలో రాలేదు. భాయి బిడ్డ దగ్గరికి పోయాను. ఆ పిల్ల కంప్యూటర్‌లో కొట్టి, నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, నేను రాసింది నాకే పైకి చదివింది. ఆ స్కేలే పట్టుకుంది. చివరికి వచ్చి, "చాచా, కింద మా అబ్బా ప్రెస్సు పేరు వెయ్యాల్నా? మళ్ల ఏమన్న అయితదా?" అని అడిగింది.

"వెయ్యి బిడ్డా. ఈసారి పెద్దక్షరాలల్ల వెయ్యి" అన్నాను. మీ చేతిలో ఉన్న ఈ కాగితం కింద చూడండి.

సంఘం వాళ్లను నేను పైసలు అడగడం లేదు, దండలు అడగడం లేదు. ఆ గడి ఎంత ఉందో అంతే గడి, అదే పేజీలో వెయ్యండి. పేరు తప్పు రాసింది మేము, భాయి మాకు చదివి వినిపించాడు, మేమే కొట్టమన్నాము అని వెయ్యండి. అచ్చుకు ఇచ్చే ముందు కార్యదర్శి ఈ ప్రెస్సుకు వచ్చి, భాయి కుర్చీ ముందు నిలబడి దాన్ని పైకి చదవాలి. చదివి, సరిగ్గనే ఉన్నదా భాయ్ అని అడగాలి. పోయినవాళ్ల కోసం చదివే నలభయ్యో రోజు ఫాతెహా శుక్రవారం పడింది. ఆ మధ్యాహ్నం నేను బెంచీ మీదే ఉంటాను. బాంబింగ్ వేళకు షట్టరు అదురుతుంది, కాగితాల మీద చెయ్యి పెట్టడానికి ఆయన ఉండడు. ఆ అదురు ఆగేలోపు నాకు జవాబు కావాలి. వేస్తారా, వెయ్యరా?